పైపు నూకుతదా, గుంజుతదా

ఈ మార్చి ఆరో తేదీ, గురువారం, పొద్దున ఏడు గంటల నలభై నిమిషాలకు మా అపార్ట్‌మెంటు కింద కొత్త నీళ్ల పంపును మొదటిసారి నడిపారు. నేనుండేది మొదటి అంతస్తులో, సరిగ్గా పంపు గది మీద. కరీంనగర్‌లో ఆ వేళకు మా వీధిలో వినపడే చప్పుళ్లన్నీ నాకు తెలుసు: పాలబండి, స్కూలు బస్సు హారన్, ఎదురింటి కుక్కర్. వాటి మధ్యలోకి ఈ చప్పుడు వచ్చింది. పంపు మామూలుగా పెట్టే హోరు కాదు. ఆ హోరు అడుగున, నిద్రలో పళ్లు కొరికినట్టు, సన్నటి గీరుడు. చెవుల కన్నా ముందు నేలకు ఆనించిన పాదాలకు తెలిసింది. టీ గ్లాసు కింద పెట్టి, కర్ర పట్టుకుని మెట్లు దిగాను.

ప్లంబర్ సమ్మయ్య నలభై ఏళ్ల మనిషి, మా వీధిలోనే ఉంటాడు. నన్ను చూడగానే, "ఏందమ్మా, పైకి నీళ్లు వస్తలేవా?" అన్నాడు.

"నీళ్లు వస్తున్నయి. పంపు బంద్ చెయ్యి. పైపును పంపుకు కట్టిన నాలుగు బోల్టులు ఇప్పు."

"నిన్ననే బిగించిన గదమ్మా. మస్తు గట్టిగున్నయి."

"గట్టిగున్నయనే ఇప్పుమంటున్న."

మూడో బోల్టు ఊడగానే పైపు ఒక్కసారిగా పక్కకు ఎగిరింది, వేలెడు మందం. సమ్మయ్య "అవ్వో" అని వెనక్కి దుమికాడు. నిన్న దాన్ని దేనితో దగ్గరికి తెచ్చావని అడిగితే, "గడ్డపారతోని జరంత నూకిన" అని తల గోక్కున్నాడు. పైపును కోసి, కొలిచి, మళ్లీ కట్టేసరికి పదకొండున్నర అయింది. ఈసారి పంపు నడిస్తే గీరుడు లేదు. "గివన్ని ఎవలు నేర్పిన్రమ్మా నీకు?" అన్నాడు. మల్లేశం అని చెప్పాను. "ఎవరాయన?" అన్నాడు. మెట్ల మీద నిలబడి చెప్పగలిగేంత చిన్న జవాబు నా దగ్గర లేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మల్లేశంది మెట్‌పల్లి దగ్గర నేతపని వాళ్ల కుటుంబం. తండ్రి మరమగ్గం నడిపేవాడు. ఐదో తరగతి దాకా చదివి, పందొమ్మిదో ఏట బెల్లంపల్లి వెళ్లి, బొగ్గుగనిలో ఊరే నీళ్లను పైకి తోడే పంపుల దగ్గర పనికి కుదిరాడు. ముప్పై అయిదేళ్లు ఆ పంపుల పనే చేశాడు. ముందుగానే రిటైరై, యాభై అయిదో ఏట కరీంనగర్‌లో మా ఆఫీసుకు పంపు మేస్త్రిగా వచ్చాడు. మాది ఎత్తిపోతల పథకాలకు డ్రాయింగులు గీసి, పంపుహౌసులు కట్టించే ఒక ప్రైవేటు ఆఫీసు. నేను అక్కడ 1985లో ట్రేసింగు పనికి చేరాను. చేరిన పదహారేళ్ల తరువాత, అడిగి అడిగి, పుస్తకాలు చదివి, లెక్కల బల్ల దగ్గరికి జరిగాను. అందరూ నన్ను సుగుణ మేడం అనేవాళ్లు. మల్లేశం ఒక్కడే బిడ్డా అనేవాడు. నేను కాకా, అంటే చిన్నాన్నా, అనేదాన్ని.

నా పనేమిటో అది తెలియనివాళ్లకు ఒక మాటలో చెప్పాలి. పంపుకు రెండు నోళ్లుంటాయి. నీళ్లు లోపలికి వచ్చేది ఒకటి, బయటికి పోయేది ఒకటి. కాగితం మీద నాజిల్ అని రాస్తాం. కాకా మూతి అనేవాడు. పంపు తయారుచేసినవాళ్లు దానితోపాటు ఒక పట్టీ ఇస్తారు: ఈ మూతి ఇటు ఇంత బలం ఓర్చుకుంటుంది, అటు ఇంత, మెలితిప్పితే ఇంత, అంతకు మించితే మా పూచీ లేదు. పైపు తన బరువుతోనూ, లోపలి నీళ్ల ఒత్తిడితోనూ, ఎండకు సాగి చల్లదనానికి ముడుచుకోవడంతోనూ ఆ మూతి మీద ఎంత భారం వేస్తుందో లెక్కకట్టి, పట్టీలోని అంకెతో పోల్చి, తక్కువుంటే సంతకం చేయాలి. ఎక్కువుంటే పైపు దారి మార్చాలి, లేకపోతే దాన్ని మధ్యలో పట్టి ఆపే కాంక్రీటు దిమ్మె కట్టించాలి. పంపు నీళ్లు తోడడానికే ఉంది, పైపును మోయడానికి కాదు. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి కోసం పోట్లాడాల్సి వస్తుందని అప్పట్లో నాకు తెలియదు.

ఆయనను మొదట చూసింది 2001 ఆగస్టు 21న, మంగళవారం, జగిత్యాల వైపు ఒక పంపుహౌసులో. నేను సైటుకు వెళ్లడం అదే మొదలు. చీర చెంగు నడుముకు చెక్కుకుని, లెక్క కాగితం చేత్తో పట్టుకుని, చాలా గొప్పగా వెళ్లాను. ఆయన పంపు పక్కన పీట వేసుకుని కూర్చుని బీడీ వెలిగిస్తున్నాడు. బక్కపలుచటి మనిషి, చెవులు పెద్దవి. నన్ను చూసి బీడీ ఆర్పేశాడు.

"లెక్క చేసింది నువ్వేనా బిడ్డా? మంచిగైంది. ఒక్క ముచ్చట చెప్పు. గీ పైపు పంపును నూకుతదా, గుంజుతదా?"

"నాలుగు వందల పది కిలోలు" అన్నాను.

"ఎంత అని అడగలే. ఏ దిక్కు అని అడిగిన."

కాగితం చూశాను. 410 ముందు మైనస్ గుర్తు ఉంది. ఆ మైనస్ అంటే నెట్టడమా, లాగడమా? అది పైపు పంపును చేసేదా, పంపు పైపును చేసేదా? ఎటు మైనస్, నది వైపా గట్టు వైపా? నాకు తెలియదు. అంకె పట్టీలో కన్నా తక్కువుందని సంతకం చేశాను, అంతే. చుట్టూ ఉన్న నలుగురు ఫిట్టర్లు నా మొహంలోకి చూస్తున్నారు. ఆయన వాళ్లవైపు తిరిగి, "మీకేం పని లేదా? మేడం ఆలోచన చేస్తుంది, కనబడ్తలేదా?" అని కసిరాడు. నా సిగ్గును ఆయన ఆలోచన అన్నాడు. బస్సులో తిరిగి వస్తూ కాగితాన్ని నాలుగుసార్లు చదివాను. మర్నాడు ఉదయం ఆఫీసు ఫోను నుంచి సైటుకు ఫోను చేయించి చెప్పాను: "గుంజుతది కాకా, గట్టు వైపు." ఆయన "ఆఁ, గిప్పుడు నువ్వు పైపును చూసినవ్" అన్నాడు.

దిక్కు మీద ఆయనకు అంత పట్టుదల ఎందుకో తరువాత తెలిసింది. మగ్గం మీద పడుగు ఎక్కడ తెగుతుందో చిన్నప్పుడు తండ్రి ఆయన చేత కనిపెట్టించేవాడట. పోగు బలహీనంగా ఉన్నచోట తెగదు, ముడి ఉన్నచోట తెగుతుంది, ఎందుకంటే గుంజుడంతా అక్కడికే వచ్చి ఆగుతుంది. "పంపు మూతి కూడ ముడే బిడ్డా. పైపు నలభై మీటర్లు ఎంత పొగరు చూపినా, ఆఖరికి గీడికే వచ్చి కొట్లాడ్తది" అనేవాడు. నేను ఈ మాటను పుస్తకాల్లో చాలా పేజీల్లో చదివాను. ఆయన నోట విన్న తరువాతే నా చేతికి అందింది.

ఆఖరి జాయింటు బిగించే రోజు ఆయనకొక పద్ధతి ఉండేది. పైపు అంచు, పంపు మూతి అంచు ఎదురెదురుగా నిలబెట్టి, బోల్టులు చేత్తో వేయాలి. చేత్తో దూరితే సరి. దూరకపోతే పైపును సరిచేయాలి తప్ప లాగకూడదు. కానీ ఏ సైటులోనైనా తొందరలో ఉన్నవాళ్లు చైన్ పుల్లీ తగిలించి పైపును పంపు దాకా లాక్కొచ్చి బిగించేస్తారు. అందుకని ఆ రోజు పొద్దున్నే ఆయన సైటులో ఉన్న చైన్ పుల్లీని ఇనుప పెట్టెలో పడేసి, తాళం వేసి, ఆ పెట్టె మీద కూర్చునేవాడు. అన్నం కూడా అక్కడే తినేవాడు. "కాకా, జర లెవ్వు, స్పానర్లు తీసుకోవాలె" అని ఎవరైనా అంటే, "స్పానర్లు బయటనే ఉన్నయి. లోపలున్నది నీకు వద్దు" అనేవాడు. వెనక నుంచి ఫిట్టర్లు ఆయనను కోడిపెట్ట అని నవ్వేవాళ్లు. ఆయనకు తెలుసు. "పొదుగుతున్న రా, పిల్లలైనంక చెప్త" అని తనే అనేవాడు.

ఇంకొకటి చెప్పాలి. అది బెల్లంపల్లి సంగతి, ఒకసారి మా ఇద్దరికీ బస్సు తప్పిపోయి మంచిర్యాల స్టాండులో రెండు గంటలు కూర్చున్నప్పుడు చెప్పాడు. ఆయనకు ఇరవై ఆరేళ్లప్పుడు, గనిలో ఒక పంపుకు పైపు అందకపోతే తనే లాగి బిగించాడు. వారంలో పంపు బేరింగు పోయింది. అందరూ బేరింగు తయారుచేసినవాళ్లను తిట్టారు. ఎవరికీ ఈయన మీద అనుమానం రాలేదు. మూడో రోజు ఈయనే పైఅధికారి దగ్గరికి వెళ్లి, పైపును లాగి బిగించింది నేనేనని చెప్పాడు. వారం రోజులు పనిలోంచి ఆపేశారు.

"ఎందుకు చెప్పినవ్ కాకా? ఎవలూ అడగలే గద."

"రెండు దినాలు అన్నం దిగలే బిడ్డా. చెప్పినంక దిగింది. గంతే." మళ్లీ తనే, "ఇంట్ల మీ చిన్నమ్మ మస్తు తిట్టింది. గదే వంకాయ కూర, నిన్న తినకపోతివి, ఇయ్యాల పని పోయినంక ఎట్ల తింటున్నవ్ అని" అన్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ నవ్వుకు నేను ఎంత చెల్లించాల్సి వస్తుందో ఆ స్టాండులో తెలియలేదు.

2007లో మా ఆఫీసుకు చెన్నూరు వైపు గోదావరి ఒడ్డున ఒక ఎత్తిపోతల పని వచ్చింది. చిన్నదే. మూడు పంపులు, రెండు ఊళ్ల చెరువులకు నీళ్లు. డ్రాయింగు బయటి నుంచి వచ్చింది. పంపు మూతుల మీద భారం సరిచూసి సంతకం చేయడం నా వంతు. కంప్యూటరులో లెక్క వేశాను. పైపు పొడవు దిశలో మూతి ఓర్చుకునేది ఏడు వందల కిలోలు. నాకు వచ్చింది ఆరు వందల ఇరవై, నూకుడు. ఏప్రిల్ 23, సోమవారం సంతకం చేశాను. దిక్కు కూడా రాశాను. కాకా చెప్పినవన్నీ చేశాననుకున్నాను.

ప్రారంభోత్సవం మే 21న అనుకున్నారు. మే 16, బుధవారం, మిట్టమధ్యాహ్నం సైటు నుంచి కాకా ఫోను చేశాడు. "బిడ్డా, నువ్వొక్కపారి రావాలె. పైపు మీద చెయ్యి పెడితే చెయ్యి కాల్తున్నది. నీ లెక్కల గీ వేడి ఉన్నదా?" అప్పటికే నేను మంచిర్యాలలో వేరే పని మీద ఉన్నాను. ఒంటిగంట ఇరవైకి అక్కడికి చేరాను. పంపు నుంచి గట్టు మీద మొదటి దిమ్మె దాకా నలభై మీటర్ల ఇనుప పైపు, లోపల చుక్క నీళ్లు లేవు, పైన నీడ లేదు. పైపుకు ఆనించి చూసే థర్మామీటరు నా సంచిలో ఉంది. అరవై రెండు డిగ్రీలు. పంపులు నీళ్లు తోడుకునే బావిలోకి దాన్నే తాడుతో దింపి నీళ్ల వేడి చూశాను. ఇరవై ఏడు.

అప్పుడు నా తప్పు నాకు కనపడింది. కంప్యూటరులో పైపును బిగించేనాటి వేడి ఎంత అని ఒక గడి ఉంటుంది. ఏమీ రాయకపోతే అది తనంతట ఇరవై ఒకటి వేసుకుంటుంది. ఎక్కడో చల్లని దేశంలో కూర్చున్నవాళ్లు రాసిన ప్రోగ్రాం. నేను ఆ గడి ఖాళీగా వదిలేశాను. పైపు ఇరవై ఒక డిగ్రీల దగ్గర పుట్టి, నలభై అయిదు దాకా వేడెక్కి, సాగి పంపును నూకుతుందని నా లెక్క. చెన్నూరులో మే నెల మధ్యాహ్నం ఇరవై ఒక డిగ్రీలు! ఇక్కడ పైపు అరవై రెండు దగ్గర బిగుసుకుని, చల్లటి నీళ్లు రాగానే ఇరవై ఏడుకు పడి, ముడుచుకుని పంపును గుంజుతుంది. అంకె తప్పు, దిక్కూ తప్పు. ఇరవై నాలుగు ఏళ్లుగా, అంటే నేను డ్రాయింగు కోర్సు చదివిన నాటి నుంచి, ఈ వేసవుల్లోనే బతుకుతూ నేను చేసిన తప్పు అది.

సిమెంటు సంచి కాగితం చింపి, దాని మీదే లెక్క వేశాను. ఇరవై నాలుగు డిగ్రీలకు ఆరు వందల ఇరవై అయితే, డిగ్రీకి ఇరవై అయిదు పాయింటు ఎనిమిది మూడు కిలోలు. ముప్పై అయిదు డిగ్రీలకు తొమ్మిది వందల నాలుగు. పైపు ముడుచుకునేది పదహారు పాయింటు ఎనిమిది మిల్లీమీటర్లు.

"ఎంతొచ్చింది?" అన్నాడు కాకా.

"తొమ్మిది వందల నాలుగు."

"మూతి ఎంతకు ఓర్సుతది?"

"ఏడు వందలు. గుంజుడు కాకా. నేను నూకుడని రాసిన."

"ఏం చేస్తే ఒడుస్తది?" అని మాత్రం అడిగాడు. పంపుకు మూడు మీటర్ల దగ్గర ఇంకొక దిమ్మె కట్టాలి, పైపును తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు బిగించాలి అన్నాను. దిమ్మె పోసి ఆరడానికి ఎన్ని రోజులని అడిగాడు. తక్కువలో తక్కువ వారం. ఆయన లేచి చైన్ పుల్లీని పెట్టెలో పడేశాడు. తాళం వేశాడు. మీద కూర్చున్నాడు.

సైటు మేనేజరు ఆఫీసుకు చెప్పినట్టున్నాడు, రెండు గంటలకు సైటుకు ఫోను వచ్చింది. మా ఆఫీసు పెద్ద ప్రభాకర్ సార్. కాకా చెవికి దూరంగా పట్టుకుంటే అందరికీ వినపడింది: "పెట్టె మీద కూసునే కొలువు మా దగ్గర లేదు మల్లేశం. తాళం ఇచ్చి ఇంటికి పో. ఇయ్యాలనే." కాకా తాళంచెవి తీసి సైటు మేనేజరు చేతిలో పెట్టాడు. "తాళం మీదే, తీస్కోన్రి. నా చెయ్యి మాత్రం నాది. గీ బోల్టుకు పెట్ట." చెప్పులేసుకుని రోడ్డు వైపు నడిచాడు. ఎర్రటి ఎండ. నా కళ్ల ముందే మూడుంబావుకు చైన్ పుల్లీ తగిలించారు. అంత సాగి ఉన్న పైపుకు కూడా వేలెడు సందు మిగిలింది. దాన్నీ లాగేశారు. ఆ లాగుడు నా తొమ్మిది వందల నాలుగులో లేదు.

మర్నాడు, గురువారం, పది గంటలకు ప్రభాకర్ సార్ గదిలో నిలబడ్డాను. ఆయన చెడ్డవాడని నేననను. భయపడినవాడు. పెద్దల పేర్లు అచ్చైన ప్రారంభోత్సవ ఆహ్వాన పత్రికలు బల్ల మీద దొంతరగా ఉన్నాయి.

"సుగుణమ్మా, ప్రారంభమైనంక దిమ్మె కడదాం. వారం, పది దినాలు. ఏమైతది?"

"అప్పటిదాకా పంపు మూతి మీ మాట వింటదా సార్?"

"మొదటి షీటు మీద సంతకం నీదే గద?"

"నాదే. అందుకే కొట్టేస్తున్న." బల్ల మీదున్న ఫైలు తీసి, ఎర్ర పెన్నుతో నా సంతకం మీద అడ్డంగా గీత కొట్టాను. ఆయన ఫైలు లాక్కున్నాడు. "చదువులేని మేస్త్రి నీకు లెక్కలు చెప్తుండా?" అన్నాడు. "లెక్క నేను చెప్పిన సార్. ఆయన అడిగిండు. మీరు అడగలే." కుర్చీ చూపించలేదు, నేను కూర్చోనూ లేదు. బయటికి వచ్చి, కొత్త లెక్క, వెనక్కి తీసుకుంటున్న సంతకం, కారణం, మూడూ ఒక కాగితం మీద రాశాను. రెండు ప్రతులు. సాయంత్రం నాలుగుంబావుకు అయిదు నిమిషాల ముందు ఇన్‌వర్డు గుమస్తా రెండింటి మీదా ముద్ర కొట్టాడు. నంబరు 318. ఒకటి నా సంచిలోకి వెళ్లింది.

మే 21, సోమవారం, పంపులు నడిచాయి. నీళ్లు పడ్డాయి, దండలు పడ్డాయి. నేను వెళ్లలేదు. కాకా వెళ్లాడు, పిలుపు లేకుండా, జనంలో వెనక నిలబడి చూశాడు. సైటు మేనేజరు ఆయనను గుర్తుపట్టి, "ఏం మల్లేశం, పంపు మూతి పలిగిందా?" అన్నాడట. "ఇయ్యాలనే గద పెండ్లి. జర కాపురం చెయ్యనియ్యి సార్" అన్నాడట ఈయన. మూడో రోజు మొదటి పంపు బేరింగు చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది, మార్చారు. ఆరో రోజు మోటారును పంపుకు కలిపే కప్లింగు రబ్బర్లు పొడిపొడిగా రాలాయి, మార్చారు. పదో రోజు, మే 30, బుధవారం, పైన ఏదో జాయింటు కారుతోందని పొద్దున్నే పైపు ఖాళీ చేసి బాగుచేశారు. మధ్యాహ్నం దాకా ఖాళీ పైపు ఎండలో ఉంది. రెండూ నలభైకి మళ్లీ నీళ్లు ఎక్కించారు. పది నిమిషాలకు పంపు మూతి పగిలింది. గట్టు మీది పైపులోని నీళ్లన్నీ వెనక్కి వచ్చి పంపుహౌసు నడుము లోతు నిండింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. దానికి మాత్రం ఈ రోజుకూ నెమ్మదిగా ఊపిరి తీసుకుంటాను.

జూన్ 4, సోమవారం, పదకొండింటికి విచారణ. పని ఇచ్చినవాళ్ల తరఫున ఒక పెద్ద ఇంజనీరు వచ్చాడు. మా ఆఫీసు మాట ఒకటే: లెక్క సరిగ్గానే ఉంది, మేస్త్రి మల్లేశం పైపు బోల్టులు సరిగా బిగించలేదు. రుజువుగా నా ఏప్రిల్ షీటు పెట్టారు. శుభ్రమైన కొత్త ప్రతి, ఎర్ర గీత లేనిది. విచారణకు ముందు ప్రభాకర్ సార్ నన్ను వరండాలో ఆపి మెల్లగా అన్నాడు: "నీ తప్పు ఎవలకూ తెల్వదు సుగుణమ్మా. ఎందుకు తవ్వుకుంటవ్? నువ్వు మాట్లాడకుంటే చాలు." ఆయన చెప్పింది నిజమే. మాట్లాడకపోతే నా లెక్కకు మచ్చ లేదు. నలభై ఏళ్లకు పైగా పంపుల దగ్గర బతికిన మనిషి పంపు పగలగొట్టినవాడిగా మిగులుతాడు. కాకా గోడవారన బల్ల మీద తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. నావైపు చూడలేదు.

నా పేరు పిలిచారు. లేచి, నంబరు 318 ముద్ర ఉన్న కాగితం బల్ల మీద పెట్టాను. మొదటి లెక్క తప్పు, తప్పు నాది, ఆ గడి ఖాళీగా వదిలింది నేను అని చెప్పాను. సరైన లెక్క ఎప్పుడు ఇచ్చానో తేదీ, గంట చెప్పాను. పైపు బిగించింది మే 16 మూడుంబావుకు, మల్లేశం సైటు వదిలింది రెండింటి తరువాత, హాజరు పుస్తకం తెప్పించుకోండి అన్నాను. పెద్ద ఇంజనీరు కళ్లద్దాలు తీసి, "ఖాళీ గడి సంగతి మీరు చెప్పకపోతే మాకు తెలిసేది కాదు. ఎందుకు చెబుతున్నారు?" అని అడిగాడు. "సగం చెప్తే ఆ సగాన్నీ మీరు నమ్మరు సార్" అన్నాను. హాజరు పుస్తకం వచ్చింది. బిగించిన వేళ మేస్త్రి అక్కడ లేడని ఒక వాక్యం రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యం చాలు. నివేదికలో మిగతా మూడు పేజీలు ఎవరిని కాపాడాయో నాకు అనవసరం.

బయట టీ కొట్టు దగ్గర కాకా, "నీ ముచ్చట ఎందుకు జెప్పినవ్ బిడ్డా? అడగలే గద" అన్నాడు.

"బెల్లంపల్లిల నిన్ను ఎవలు అడిగితె చెప్పినవ్?"

ఆయన గ్లాసు పట్టుకుని చాలాసేపు నవ్వాడు, టీ ఒలికేదాకా. తరువాత తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఎక్కువసేపే తుడుచుకున్నాడు. "ఇంటికి పో. ఇయ్యాల మంచిగ తిను" అన్నాడు.

జూన్ నెలాఖరుకు నన్ను పంపేశారు. కాగితం మీద పని తగ్గిందని రాశారు. ఆ కాగితం మీద సంతకం పెట్టమంటే, కారణం సరిగ్గా రాస్తే పెడతానన్నాను. రాయలేదు. పెట్టలేదు. ఆ తరువాత పదిహేనేళ్లు ఇంటి దగ్గర కూర్చుని చిన్న చిన్న వర్కుషాపులకు ఇదే లెక్క చేసి ఇచ్చాను. ఆడమనిషి, ఆఫీసు లేదు, బోర్డు లేదు, అయినా వచ్చేవాళ్లు వచ్చారు. పైపును ఏ నెలలో, ఏ వేళకు, ఎంత వేడిలో బిగిస్తారో రాతపూర్వకంగా ఇవ్వనిదే నేను కంప్యూటరు తెరిచేదాన్ని కాదు. విసుక్కున్నవాళ్లున్నారు. హైదరాబాదు నుంచి ఒకాయన ఫోను చేసి, "అందరూ ఇరవై ఒకటే వేస్తారు మేడం" అన్నాడు. అందరి దగ్గరికీ వెళ్లండి అన్నాను. ఆయన రెండు రోజులకు వేడి కొలిచి పంపాడు. యాభై ఎనిమిది.

కాకా ఆ తరువాత ఏ పంపుహౌసులోనూ పనిచేయలేదు. ఎవరూ పిలవలేదు. విచారణలో పేరు పోలేదు కానీ, పని ఆపేసిన మేస్త్రి అన్న మాట ఆయన కన్నా ముందు సైట్లకు చేరేది. బెల్లంపల్లిలో ఇంటి ముందు కుర్చీ వేసుకుని, వీధిలోవాళ్ల బోరు మోటార్లు బాగుచేసేవాడు. ఏడాదికి రెండుసార్లు వెళ్లి చూసేదాన్ని. ఆ పని గురించి తరువాత ఒక్కసారి కూడా పశ్చాత్తాపంతో మాట్లాడలేదు, నన్ను మాట్లాడనివ్వలేదు. 2023 అక్టోబరులో పోయాడు, డెబ్బై ఏడో ఏట.

మేమిద్దరం ఓడిపోయామని మా ఆఫీసులో అనుకునేవాళ్లట. లెక్క తెలియనివాళ్లు అలాగే అనుకుంటారు. పోయినవి ఏమిటో నేనే రాస్తాను, ఒకటి ఎక్కువ కాకుండా, ఒకటి తక్కువ కాకుండా.

పంపు ఒకటి, మూతి దగ్గర పగిలి. మోటార్లు మూడు, నీళ్లలో మునిగి. నీళ్లు నలభై ఒక్క రోజులు, పంపులు బాగయ్యేదాకా. రెండు ఊళ్లలో ఆ ఏటి నారుమళ్లు. నా కొలువు, ఇరవై రెండేళ్లకు. మల్లేశం కాకా పని, అరవై ఒకటో ఏట. దిమ్మె ఆరడానికి పట్టే ఏడు రోజులు, ఎవరూ ఇవ్వనివి.